చెన్నకేశవన్ కళ్లజోడు

మదురైలోని తెలుగు నాయుళ్ల సంఘంలో పెళ్లి సంబంధాల జాతకాలు దాచే కంప్యూటర్ సర్వరు చెన్నకేశవన్ చేతిలో ఉంది. పొద్దున్నే వచ్చి తుండుగుడ్డ కొసతో కీబోర్డు తుడుస్తాడు. చిటికెనవేలితో మీటలు నొక్కుతాడు. ఎవరు కొత్త జాతకం ఎక్కించినా, ఎక్కించినవారు తప్ప మరొకరు తెరవలేరన్నది ఆయన పెట్టిన ఏర్పాటు. వేరేవాళ్లు చూడాలంటే ఆయన్ని అడగాలి. అడిగితే కళ్లజోడు తీసి, నిదానంగా తుడిచి, "ఏం అవసరం?" అంటాడు. ఆ తుడవడం ఒకసారి చూసినవాళ్లు మళ్లీ అడగరు.

మొన్న పక్క బల్ల దగ్గర పనిచేసే శ్రీరంజనితో కొడుకు పెళ్లి గురించి వాపోయాడు. "మావానికి ముప్పైయేడు నిండె. మూడేండ్లుగా వాని జాతకం సర్వర్లోనే ఉండాది. వొక్కరన్నా తెరిచి చూళ్ళేదే. మనోళ్లకి పొగరు రొంబ ఎక్కువమ్మా."

"ఎట్ల తెరుస్తారు మామా? ఎక్కించింది మీరు కదా. మేం నొక్కితే అనుమతి లేదంటాది," అంటూ ఆమె తన తెరను ఆయన వైపు తిప్పింది.

చెన్నకేశవన్ ఈసారి కళ్లజోడు తీయలేదు. చిటికెనవేలితో గబగబా కొడుకు జాతకాన్ని అందరికీ తెరిచిపెట్టాడు.

"తక్కిన నాలుగు నూర్ల పిల్లోళ్లవి మామా?" అంది శ్రీరంజని.

ఆయన కళ్లజోడు తీసి, నిదానంగా తుడవసాగాడు.

"ఏం అవసరం?"