చెయ్యెత్తినందుకు

ఇన్నేళ్ళలో ఈ విషయం నన్నెవరూ అడగలేదు. నేనే చెప్పబోతే, ఇంకా అదేనా అని మాట మార్చేస్తారు. అందుకే రాస్తున్నాను.

ఇంటర్ రాజమండ్రి అవతల ఒక హాస్టల్లో చదివాను. నాన్న రామచంద్రపురం నుంచి తీసుకొచ్చి దింపి వెళ్ళిపోయారు. గేటుకు ఎప్పుడూ తాళమే. కొన్నాళ్ళకే పుస్తకం తెరిస్తే గుండె దడ, అరచేతుల్లో చెమట.

అప్పుడే ఒత్తిడి తగ్గించే క్లాసని ఒకటి పెట్టారు. అదీ ఆదివారం, మాకున్న కాస్త ఖాళీలో. వచ్చిన మేడం మెత్తగా మాట్లాడారు. మనసులోది చెప్పుకోవడమూ చదువులో భాగమేనన్నారు. ఇక్కడ చెప్పింది ఈ గది దాటదన్నారు. నమ్మి చెయ్యెత్తాను. ఊపిరాడనట్టుంటోందనీ, నాలుగు రోజులు ఇంటికి పంపితే కుదుటపడతాననీ చెప్పాను. ఎంత ధైర్యమో చూడండంటూ ఆవిడ అందరిచేతా చప్పట్లు కొట్టించారు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ నిచ్చెనతో వచ్చి మా గదిలో ఫ్యాను విప్పుకుపోయాడు. ఎందుకని వార్డెన్‌ని అడిగాను.

"నువ్వేమైనా చేసుకుంటే బాధ్యులెవరు?" అన్నారు.

నాకలాంటి ఆలోచనే లేదండి అన్నా వినలేదు. ఇంటికి పంపలేదు సరికదా, మీవాడు చదువెగ్గొట్టడానికి సాకులు వెతుకుతున్నాడని నాన్నకు ఫోన్ చేశారు. నాన్న వాళ్ళ మాటే నమ్మారు.

అసలే ఎండాకాలం. ఆకు కదలదు. ఉక్కపోతకు గదిలో ఎవరికీ నిద్ర లేదు. పక్క మంచం వాడు, "ఈసారి మంచాలు గుచ్చుకుంటున్నాయని చెప్పరా, అవీ పట్టుకుపోతారు" అన్నాడు. అందరూ నవ్వారు. వాడి మీద నాకిప్పటికీ కోపమే.

తరవాతి ఆదివారం ఒక్క చెయ్యీ లేవలేదు. మేడం నన్నే అడిగారు, ఇప్పుడెలా ఉందని. బాగున్నానండి అన్నాను. ఆవిడ సంతోషించారు. ఆ మాట అప్పుడు పట్టుకుంది, వదల్లేదు. ఇప్పుడు దడ వచ్చినప్పుడు మా ఆవిడ అడిగినా నోట్లోంచి అదే వస్తుంది.

మొన్న మా అమ్మాయి అన్నం కలుపుతూ చెయ్యి ఆపింది. "పరీక్షంటే చేతులు వణుకుతున్నాయి నాన్నా. వచ్చేవారం మాకు కౌన్సెలింగ్ క్లాసుంది. చెప్పమంటావా?"

కనుక్కుని చెప్తానన్నాను. మర్నాడే వాళ్ళ కాలేజీకి వెళ్ళి, పిల్లలు చెప్పింది ఎవరెవరి దాకా వెళ్తుందని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఆయన టీ తెప్పించి, మాది అలాంటి కాలేజీ కాదండీ అన్నారు.

అది జవాబు కాదండీ, ప్రిన్సిపాల్ గారూ. మా పిల్ల చెయ్యెత్తితే ఆ మాట ఎవరికి చేరుతుంది? విన్నవాళ్ళు దాన్ని ఏం చేస్తారు? క్లాసుకు ముందే మళ్ళీ వస్తాను. టీ వద్దు. జవాబు చెప్పండి.