ఇంకో పూత

షెడ్డులో ఆయన్ని అందరూ 'ఇంకోపూత' అనే పిలిచేవారు. కార్లకు రంగులేసే పెయింటరు. బండి అద్దంలా మెరుస్తున్నా, యజమాని వచ్చి గేటు దగ్గర గింజుకుంటున్నా, ఇంకో పూత పడితే గానీ బయటికి వదిలేవాడు కాదు. తొందరపెడితే మూతి ముడుచుకుని భోజనానికి వెళ్లిపోయేవాడు. బండ్ల విషయంలో ఆ మొండితనానికి మంచిపేరే వచ్చింది. ఇంట్లో మాత్రం కొంప ముంచింది.

భార్యకు గుండె బలహీనపడింది. మంచం మీంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ప్లాస్టిక్ కుర్చీని ఊతం చేసుకుందామంటే అది పక్కకు ఒరిగిపోయేది. సాయానికి ఆవిడ చెల్లెలు వచ్చి ఉంది గానీ, ప్రతిదానికీ మనిషిని కేకేయడం ఆవిడకు తల కొట్టేసినట్టుండేది.

"గట్టి చేతులున్న కుర్చీ ఒకటి చూడండి. నా అంతట నేను లేచి కిటికీ దాకా వెళ్తాను," అని మొగుణ్ణి అడిగింది.

పాత సామాన్ల కొట్టులో టేకు కుర్చీ దొరికింది. ఒక కాలు ఊగుతోంది, ఒళ్లంతా ఎవరో ఆకుపచ్చ రంగు పులిమారు. దాన్ని చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కాలు బిగించాడు, రంగు గీకాడు, బీటల్లో లప్పం పెట్టాడు. వారం తిరిగేసరికి కుర్చీ కూర్చోవడానికి పనికొచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

పాలిష్ మొదలుపెట్టాడు. ఒక పూత వేయడం, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ పూత. ఇక చాలు కదా అని ఆవిడ మంచం మీంచి అడిగేది. రేపు కూర్చుందువుగానిలే అనేవాడు. ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని డాక్టరు అన్న మాట ఆయన చెవిన పడకపోలేదు, బుర్రకెక్కించుకోలేదంతే. పూతలు పడుతున్నంతకాలం ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుందని లోలోపల ఒక పిచ్చి నమ్మకం.

ఒక సాయంత్రం షెడ్డు నుంచి వచ్చేసరికి, కుర్చీ కుడి చేతి మీద, ఆరని పాలిష్‌లో, ఆవిడ అరచెయ్యి అచ్చు పడి ఉంది. చెల్లెలు వంటింట్లో ఉండగా ఎలాగో లేచి, గోడ పట్టుకుని అక్కడిదాకా నడిచింది.

"కాస్త ఆగలేకపోయావా? పనంతా పాడుచేశావు," అన్నాడు.

"గట్టిగా ఉందో లేదో చూశానండీ. బాగా గట్టిగా ఉంది." అరచేతికి అంటిన పాలిష్ చూసుకుని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది.

మర్నాడు అది ఆరాక, అచ్చు ఆనవాలు లేకుండా రుద్దేసి మళ్లీ పూత వేశాడు. ఆ పూత ఆరకముందే, నిద్రలోనే ఆవిడ ప్రాణం పోయింది.

చుట్టాలంతా వచ్చి వెళ్లాక ఆయన కుర్చీని కిటికీ దగ్గరికి లాగాడు. బండి మీద గీతలు వెతికినట్టు, కళ్లు దగ్గర పెట్టి ఆ కుడి చేతిని చూశాడు. వేలికొనలతో తడిమాడు. తాను రుద్దిన చోట ఏమీ మిగలదని ఆయనకు తెలుసు. అయినా వెతికాడు.

మరదలు మంచినీళ్లు తెచ్చి పక్కన నిలబడింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని కుర్చీని మెచ్చుకుంది.

"ఎంత బాగా చేశారు బావగారూ. ఎక్కడా చిన్న మరక కూడా లేదు."

"లేదమ్మా, చిన్న మరక కూడా లేదు," అని, ఆయన ఆ చెక్క మీద నుదురు ఆనించి భోరుమన్నాడు.