మూడు జానలు, నాలుగు వేళ్లు

నేను సివిల్ డిప్లొమా ఫస్టు క్లాసులో పాసైన మనిషిని. కాలేజీలో డ్రాయింగ్ షీటు మీద అర మిల్లీమీటరు తేడా వచ్చినా చెరిపేసి మళ్లీ గీసేదాన్ని. అంతటి దాన్ని, బతుకులో అన్నిటికంటే అవసరమైన కొలతను చేత్తో జానలు వేసి ఫోన్లో చెప్పాను. విన్నవాళ్లంతా నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, నాకేం!

2004 మాట ఇది. షార్జాలో ఓ పాత బిల్డింగులో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. ఒక గదిలో నేను, మా ఆయన, నాలుగేళ్ల పాప. ఇంకో గదిలో నెల్లూరు నుంచి వచ్చిన ముస్లిం దంపతులు. ఫ్లాటు వాళ్లదే, మేము ఒక గదిలో అద్దెకుండేవాళ్లం. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. అక్క హాల్లో రెండు కుట్టు మిషన్లు పెట్టుకుని బట్టలు కుట్టేది. హాలంతా గుడ్డముక్కలు, కుట్టించుకునే ఆడవాళ్లు. కాబట్టి హాలు ఉన్నా మాకు లేనట్టే.

మా ఆయన ఇండస్ట్రియల్ ఏరియాలో గేట్లూ గ్రిల్సూ చేసే వర్క్‌షాపులో వెల్డరు. అప్పటిదాకా కంపెనీవాళ్లే ఇంటి అద్దె ఇచ్చేవారు. ఆ వేసవిలో ఒకరోజు ఆయన ఇంటికొచ్చి చెమట కూడా తుడుచుకోకుండా మంచం మీద కూలబడ్డాడు.

"ఇకమీదట అద్దె ఇవ్వరంట. అందరూ కంపెనీ లేబర్ క్యాంపులోకొచ్చెయ్యాలంట. ఫ్యామిలీలున్నోళ్లు నెలాఖరుకి పంపించేసుకోమన్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. పంపించేసుకోవడానికి మేమేమైనా పార్సిలా? అంతకుముందోసారి అలాగే వెళ్లాను. కాన్పుకని ఊరెళ్తే మళ్లీ వీసా వచ్చేసరికి రెండేళ్లకు పైనే పట్టింది. ఎయిర్‌పోర్టులో ఆయన చేతులు చాపి నిలబడితే, పాప నా వెనక దాక్కుని కొంగు ముఖానికి కప్పుకుంది. ఆయన్ని నాన్నా అని పిలవడానికి నెల పట్టింది. మనుషులున్నప్పుడు నవ్వేసి ఊరుకున్నాడు గానీ, ఆ రాత్రి గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేను చూశాను. అలాంటి రోజు మా ఇంట్లో మళ్లీ రాకూడదని అప్పుడే అనుకున్నాను.

"నేను వెళ్లను," అన్నాను.

"వెళ్లననడానికి నీ చేతిలో ఏవుందే?"

"ఉద్యోగం చేస్తాను. ఇద్దరం సంపాదిస్తే ఈ గది మనమే ఉంచుకోవచ్చు."

అది వట్టి మాట కాదు. అంతకుముందు వారమే ఒక బిల్డింగ్ కాంట్రాక్టింగ్ ఆఫీసుకి వెళ్లొచ్చాను. అక్కడి ముదీర్, అంటే మేనేజరు, ఒక అరబ్బు పెద్దాయన. నా చేతి డ్రాయింగులు చూసి బాగున్నాయన్నాడు. "కానీ చేత్తో గీసే రోజులు ఖలాస్. ఇక్కడంతా కంప్యూటరే. నెల రోజుల తర్వాత పరీక్ష పెడతాను, వచ్చి గీసి చూపించు" అన్నాడు. కంప్యూటర్లో ప్లాన్లు గీయడం అంతకుముందెప్పుడో ఒక నెల నేర్చుకున్నాను గానీ చెయ్యి తిరగలేదు. చెయ్యి తిరగాలంటే ఇంట్లో కంప్యూటరుండాలి.

కంప్యూటరు దొరికింది. మా బిల్డింగులోనే ఉండే డ్రాఫ్ట్స్‌మన్ ఒకతను ఊరికి వెళ్లిపోతూ పాతది ఇచ్చేశాడు. గీసే సాఫ్ట్‌వేరు అందులోనే ఉంది. దాన్ని పెట్టుకునే చోటే దొరకలేదు. మా గదిలో మంచం, బీరువా, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. రాత్రయితే పాప పరుపు నేల మీదే. ఆ మానిటరు చూస్తే బియ్యం బస్తా అంత లావు. బల్ల వేస్తే తలుపు తెరుచుకోదు. మూడు రోజులు దాన్ని మంచం మీద పెట్టి, రాత్రి కిందికి దించి, పొద్దున మళ్లీ ఎత్తి, నడుం పడిపోయింది. నాలుగో రోజు సామాన్ల షాపులో ఒక స్టాండు చూశాను. ఇనప గొట్టాల ఫ్రేము, పైన మానిటరు, మధ్యలో లాగితే వచ్చే కీబోర్డు పలక, కింద సీపీయూ, నాలుగు చక్రాలు. కావలసినప్పుడు మంచం దగ్గరికి లాక్కోవచ్చు, అక్కర్లేనప్పుడు బీరువా పక్క సందులోకి తోసెయ్యొచ్చు.

"దానికి కొనడమెందుకే? వర్క్‌షాపులో ముక్క గొట్టాలు బోలెడు పడున్నాయి, నేనే చేసేస్తాను," అన్నాడు మా ఆయన.

మర్నాడు మధ్యాహ్నం ఫోను. వెనక గ్రైండరు మోత. "ఫోర్‌మన్ ఒప్పుకున్నాడే. ఈ ఒక్క గంటేనంట. సందు వెడల్పు ఎంతో చెప్పు, యల్లా యల్లా, తొందరగా!"

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బీరువాకీ గోడకీ మధ్య గబగబా చెయ్యి వేశాను. "మూడు జానలు, నాలుగు వేళ్లు." మా అమ్మ గడప దగ్గర్నుంచి గాదె దాకా అలాగే కొలిచేది. మా అత్తగారూ అంతే. వేలితో, జానతో, మూరతో చెప్పుకోవడం మా ఇళ్లలో ఎంత మామూలంటే, ఆ క్షణంలో నాకది కొలతలాగే అనిపించింది. హాల్లో అక్క మెడలో టైలరు టేపు వేలాడుతూనే ఉంది. ఆరడుగుల దూరం. అడగాలని తోచలేదు.

సాయంత్రం స్టాండు వచ్చింది. ఎంత అందంగా ఉందనుకున్నారు! నల్ల రంగు, నునుపుగా తీర్చిన అతుకులు, పారేసిన ఆఫీసు కుర్చీల నుంచి పీకిన చక్రాలు. తలుపు దాకా తోసుకొచ్చాడు. బీరువా అడ్డమై మా తలుపు సగమే తెరుచుకుంటుంది. అక్కడ ఆగింది. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, పక్కకు వంచాడు. ఊహూఁ.

"మూడు జానలు నాలుగు వేళ్లేగా అన్నావ్?"

"అవును. ఎవరి జానలు వేశారు?"

ఆయన తన చెయ్యి చూసుకున్నాడు. నేను నా చెయ్యి చాపి ఆయన అరచేతి మీద పెట్టాను. నా ప్రతి వేలూ ఆయన వేలికంటే పొట్టి. ఇద్దరం తెల్లమొహాలు వేశాం. హాల్లోంచి తొంగిచూసిన అక్క పగలబడి నవ్వింది.

"ఏందిమే, ఇంట్లో టైలరుండాది, టేపుండాది! ఇంజినీరమ్మకి జాన తప్ప ఇంకోటి కనపళ్ళా?"

ఇంకొకప్పుడైతే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు మాత్రం వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. తప్పు నాదే. చదువుకున్నదాన్ని నేను, కొలత చెప్పింది నేను.

మళ్లీ కోసి అతకడానికి లేదు. మర్నాటి నుంచి వర్క్‌షాపులో అర్జెంటు ఆర్డరు, మూడు వారాల దాకా సొంత పని ముట్టుకోవద్దని ఫోర్‌మన్ చెప్పేశాడు. ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆయన బీరువా మీది నుంచి పెద్ద సూట్‌కేసు దించాడు.

"ఏం చేస్తున్నారు?"

"కొంచెం కొంచెం సర్దుకుంటే మంచిదేమో. ఆఖర్న హడావుడి పడకుండా..." నా మొహం చూసి మాట మింగేశాడు.

సూట్‌కేసు లాక్కుని నడవలోకి వెళ్లాను. వంటింటికీ బాత్రూముకీ మధ్య సన్నటి నడవ మాది. గదిలోకి రాని స్టాండును అందులోకి తోశాను. కంప్యూటరు ఎక్కించాను, వంటింటి ప్లగ్గు నుంచి పొడుగు వైరు లాగాను. కుర్చీ పట్టే చోటు లేదు. సూట్‌కేసు నిలబెట్టి దాని మీద కూర్చుని కంప్యూటరు ఆన్ చేశాను. ఎవరు సర్దుకుని వెళ్తారో చూద్దాం అనుకున్నాను.

పరీక్షకి మిగిలిన పదహారు రోజులూ నా బతుకు ఆ నడవలోనే. స్టాండు అడ్డముంటే మనిషి దాటే వీల్లేదు. అక్క బాత్రూముకి వెళ్లాలంటే నేను లేచి, సూట్‌కేసు కాలితో నెట్టి, స్టాండును వంటింట్లోకి తొయ్యాలి. ఎవరికైనా వంటింట్లో పనుంటే బాత్రూము వైపు తొయ్యాలి. "జరగండి, జరగండి" అనే మాట నాకూ స్టాండుకూ కలిపి ఇంటిపేరైపోయింది. పాపకైతే పండగ. ఎవరైనా వస్తున్నారంటే చాలు, పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో స్టాండు పట్టుకుని, "అందరూ కాళ్లు తియ్యండి!" అని అరుస్తూ తోసేది.

ఒకసారి అలా తోస్తే వైరు చాలక ప్లగ్గు ఊడింది. రెండు గంటలు గీసిన ప్లాను గాల్లో కలిసిపోయింది. పాపని కొట్టడానికి చెయ్యెత్తాను. అక్క అడ్డమొచ్చింది.

"దాన్నెందుకు కొడతావుమే? మళ్లీ గియ్యి. నాకు గుడ్డ అడ్డంగా తెగితే ఏడస్తా కూచుంటానా? ఇంకో గుడ్డ తీస్తా. వంట నేను చూసుకుంటాలే, నువ్వు లేయబాక."

ఆ పూట నుంచి పరీక్ష రోజు దాకా నన్ను పొయ్యి ముట్టుకోనివ్వలేదు. అక్క మేలు ఈ జన్మకి మర్చిపోను. మా ఆయన రాత్రిళ్లు డ్యూటీ దిగి వచ్చి, నా వెనక గోడకానుకుని కూర్చుని స్క్రీను వైపు చూసేవాడు. గీతలు అర్థమయ్యేవి కావు. అయినా కూర్చునేవాడు. సూట్‌కేసు ఊసు మళ్లీ ఎత్తలేదు.

పరీక్ష రోజు నాతో పాటు ఇంకొకతనున్నాడు. ఉద్యోగం ఒక్కటే. సైటు ఫోర్‌మన్ చేత్తో గీసిన ఒక విల్లా బొమ్మ ఇద్దరికీ ఇచ్చారు. రెండు గంటల్లో దాన్ని కంప్యూటర్లో గీయాలి. అతను టకటకా మొదలుపెట్టాడు. నేనూ బయటి గోడలు గీశాను, లోపలి గదులు ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చాను. మూడో గది పట్టలేదు. కొలతలన్నీ కూడి చూశాను. గదుల కొలతలూ గోడల మందాలూ కలిపితే బయటి కొలత కంటే అర మీటరు ఎక్కువొస్తోంది. మళ్లీ, మళ్లీ కూడాను. అంతే.

పక్కకి చూస్తే అతను ఒక గదిని కాస్త కుదించేసి ముందుకెళ్లిపోయాడు. నేనూ అలా చెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ నా కళ్లకి మా తలుపు దగ్గర ఇరుక్కున్న స్టాండే కనిపిస్తోంది. లేచి ముదీర్ గదిలోకి వెళ్లాను.

"సార్, బయటి కొలతా లోపలి కొలతలూ కలవడం లేదు. ఏది నమ్మమంటారు?"

ఆయన తలెత్తలేదు. "ఎలాగోలా సర్ది గీసెయ్యి. టైము పోతోంది నీకు."

నా నోరు ఆగలేదు. "అలా గీయను సార్. నేను గీసింది చూసి అక్కడ గోడ లేపేస్తారు. కొలిచినాయన్ని ఒక్కసారి అడగండి."

అప్పుడు తలెత్తాడు. కాగితం లాక్కుని తనే కూడి చూశాడు. ఫోను తీసి ఫోర్‌మన్‌ని పిలిచి, అరబ్బీలో అరవడం మొదలుపెట్టాడు. ఫోను పెట్టేసి నాతో అన్నాడు: "ఆ మూడో గదికి టేపు దొరకలేదంట. అడుగులేసి కొలిచాడంట!"

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆ ఫోర్‌మన్ ఎవరో గానీ, మా ఇంటి మనిషే అనిపించింది.

సరైన కొలత వచ్చేసరికి అరగంట పోయింది. టైము అయిపోయేటప్పటికి నాకింకా మెట్లూ ఒక బాత్రూమూ మిగిలాయి. పక్కతను ఎప్పుడో పూర్తి చేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అయిపోయింది, నెలాఖరుకి విమానమే అనుకుని బ్యాగు భుజానికి తగిలించుకున్నాను. ముదీర్ రెండు ప్లాన్లూ చూశాడు. అతనిది చూస్తూ ఆ మూడో గది మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు. నావైపు తిరిగి, "శనివారం నుంచి వచ్చెయ్. మిగిలిన బాత్రూము అప్పుడు గీద్దువుగాని. ఖలాస్," అన్నాడు.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. అక్క నన్ను వాటేసుకుని, తన మెడలోని టేపు తీసి నా మెడలో వేసింది. "ఇంకెప్పుడన్నా జానలేశావంటే చూడు!" అంది. ఇద్దరం ఏడ్చాం, ఇద్దరం నవ్వాం.

వారం తర్వాత వర్క్‌షాపులో అర్జెంటు ఆర్డరు అయిపోయింది. మా ఆయన ఫోను చేసి, "చెప్పండి ఇంజినీరు గారూ, కొలతెంత?" అన్నాడు. మిల్లీమీటర్లలో చెప్పాను. మళ్లీ చెప్పించుకుని రాసుకున్నాడు. ఆ శుక్రవారం స్టాండు సన్నబడి ఇంటికొచ్చింది, సగం తెరిచిన తలుపులోంచి ఎక్కడా తగలకుండా లోపలికొచ్చింది. సూట్‌కేసు బీరువా మీదికెక్కింది.

మా ఆయన పని బట్టల్లోనే మంచం అంచున కూర్చుని, కాళ్లు నేలకు చాపుకుని స్టాండు వైపు మురిపెంగా చూసుకుంటున్నాడు. పాప వెనక్కి వెళ్లి రెండు చేతులూ ఆనించి తోసింది. స్టాండు సగం దూరం వచ్చి ఆయన కాళ్లకి తగిలి ఆగింది. పాప మానిటరు పక్కనుంచి తల బయటికి పెట్టి, నడుం మీద చెయ్యేసుకుంది.

"నాన్నా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? కాళ్లు తియ్!"

ఆయన గబుక్కున రెండు కాళ్లూ మంచం మీదికి లాక్కున్నాడు. తర్వాత నావైపు చూశాడు, కళ్లనిండా నీళ్లు. పాప అదేమీ పట్టించుకోకుండా స్టాండును సందులోకి తోసేసి, పరుపు తెచ్చి వాళ్ల నాన్న పక్కనే నేల మీద పరుచుకుంది.