గడప వద్ద చెప్పులు

విడవలూరు మందిరంలో ప్రభువు బల్లకు, క్రీస్తు శరీరమని సంఘమంతా పంచుకు తినే రొట్టె కాల్చేది అబిగయీలు. ఆ రొట్టె తిననిదీ ఆమె ఒక్కతే. పులియని పిండిని పలుచగా ఒత్తి, మాడనీయక కాల్చి, తెల్లని గుడ్డ కప్పి బల్లపై ఉంచుతుంది. రొట్టె పళ్లెం చేతులు మారే వేళకు మెల్లగా లేచి, కొంగు నడుముకు దోపి, గడప బయట అందరి చెప్పులనూ జతలు కూర్చి వరుసగా పేరుస్తుంది. మంచాన పడిన అత్తను ఒకనాడు విసిగి "నీకు చావు రాదా" అన్నది. ఆ వారమే అత్త కన్నుమూసింది. ఆ రొట్టెకు తన చేయి తగును గాని, ఆ మాట అన్న నోరు తగదని ఆమె నమ్మకం.

మొన్నటి ఆదివారం ఆమె చెప్పులపైకి వంగబోతుండగా, అత్త చెల్లెలు కరుణమ్మ రొట్టెముక్క పట్టుకొని కర్ర ఊతంతో వెంట వచ్చింది. "ఏందమ్మే, మా అక్క నన్ను దినామూ చావమనేది, నేను ఉండాను గదా! సిలువ మీద లోకం పాపమంతా మోసినాయనకి నీ మాటొక్కటే బరువైపోయిందా? నోరు తెరువు." అబిగయీలుకు నవ్వు వచ్చింది, వెనువెంటనే కన్నీరు వచ్చింది, ఆ రెంటి నడుమ నోరు తెరిచింది. ఆరాధన ముగిశాక సంఘమంతా గడప వద్ద, ఆనాడు జతలు కూర్చేవారు లేని చెప్పుల్లో కుడి ఎడమలు కలియక తడబడుతుంటే, వారి నడుమ అబిగయీలు కూడా నవ్వుతూ తన రెండో చెప్పు కోసం వెతుక్కుంటోంది.