ముందు నువ్వు తాగు

నా చిన్నప్పుడు, 1980 మే నెలలో ఒక బుధవారం, దేవరకొండలో ఒక డాక్టరు గదిలో ముగ్గురం ఉన్నాం: డాక్టరు, మా పెద్దబాపు, నేను. రావలసిన మా పెద్దమ్మ, బర్రె ఈనేలా ఉందని ఇంటి దగ్గరే ఆగిపోయింది. అప్పటికే నాకు డైరీ రాసే అలవాటుంది. ఆ గదిలో విన్నది మాత్రం ఆ రోజు రాయలేదు.

పెద్దబాపు మా నాయినకు అన్న. ఆయనకు పిల్లలు లేరు. ఊరికి మైలు దూరాన, తమ చెల్కలో, ఆ మెట్టచేనులోనే ఇల్లు కట్టుకుని భార్యాభర్తలిద్దరే ఉండేవారు. బడికి సెలవులిస్తే నన్ను అక్కడికి పంపేవారు. ఆయనకు అప్పటికి నలభై ఐదేళ్లు కూడా దాటలేదు. అయినా వెన్ను వంగి, వంగినట్టే బిగుసుకుపోయింది. మెడ తిరగదు. పక్కనున్న మనిషిని చూడాలంటే పాదాలతో సహా ఒళ్లంతా తిప్పాలి. పొద్దున చెంబు పట్టుకుని చేను గట్టుకు పోయేటప్పుడు కూడా పెద్దమ్మ వెంట ఉండాలి. రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టి, అటు తిరిగి నిలబడి, పిలిచాక మళ్లీ లేపేది. కొత్తగా పెళ్లయినప్పుడు వాళ్లిద్దరూ బండి కట్టుకుని జాతరలన్నీ తిరిగేవారట. నాకు తెలిసేనాటికి వాళ్ల మధ్య మాటలు రెండు మూడే మిగిలాయి. లేపు, ఒరుగు, జర ఆగు. పెద్దమ్మ తన సొంత చెల్లెలి పెళ్లికి కూడా పోలేదు. పోతే ఆయన్ను లేపేవాళ్లు లేరు.

అంతకు ముందుసారి పోయినప్పుడు డాక్టరు రెండు సీసాల్లో నీళ్లు తెమ్మన్నాడు. ఇంటి బావివి ఒకటి, ఊరబావివి ఒకటి. వాటిని సంచిలో పెట్టుకుని తీసుకెళ్లి ఇచ్చింది నేనే. ఆ బుధవారం ఫలితం చెప్పాడు. ఊరబావి నీళ్లు పరవాలేదు. ఇంటి బావి నీళ్లలో ఫ్లోరైడ్ బాగా ఎక్కువ ఉంది, ఎముకలు పట్టేసింది దానివల్లనే. పోయిన నడుము ఇక రాదు. ఇంతా చెప్పి, ఆ నీళ్లు ఇంట్లో ఇంకెవరు తాగుతున్నారని అడిగాడు. తన భార్య కూడా అవే తాగుతుందన్నాడు పెద్దబాపు. పొద్దున లేవగానే మోకాళ్లు పట్టేస్తున్నాయని ఆ మధ్య పెద్దమ్మ అనడం నేనూ విన్నాను.

ఇంటి వెనక ఆ చేదబావిని పట్టుబట్టి తవ్వించింది పెద్దమ్మే. ఊరబావి నీళ్లు మట్టి రంగుగా ఉంటాయని, తాగితే రోగాలొస్తాయని ఆమె నమ్మకం. ఇంటి బావి నీళ్లు అద్దంలా ఉండేవి. ఆయనకు నొప్పులు మొదలయ్యాక, నీళ్లు ఎక్కువ తాగితే కీళ్లు వదులవుతాయని చెంబు మీద చెంబు తాగించేది.

బస్సు దిగి చెల్క బాట పట్టాక పెద్దబాపు ఆగి, ఒళ్లంతా నా వైపు తిప్పుకున్నాడు.

"బిడ్డా, గీ ముచ్చట మీ పెద్దమ్మకు చెప్పకు. నన్ను లేపేది ఆమె, కూసోబెట్టేది ఆమె. గీ మాట ఇని ఆమె కూలబడితే లేపేటోళ్లెవరు?"

చెప్పనని మాటిచ్చాను. మరి ఆమె చేత ఆ నీళ్లు ఎలా మాన్పిస్తాడో నాకు తోచలేదు.

ఇల్లు చేరగానే పెద్దమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, డాక్టరు ఏమన్నాడని అడిగింది. అవే గోలీలు వేసుకోమన్నాడని చెప్పి, ఆయన చెంబులో నీళ్లు నేల మీద పారబోశాడు. ఈ నీళ్లు కంపు కొడుతున్నాయి, ఇక నుంచి తాగడానికీ వంటకూ ఊరబావి నీళ్లే కావాలన్నాడు.

"పదేండ్ల సంది తాగుతున్నవ్. గియాల్లనే వచ్చిందా కంపు?"

"వచ్చింది. తెచ్చినంక గూడ, ముందు నువ్వు తాగు నా ముంగట. అప్పుడే నేను తాగుత."

పెద్దమ్మ ఖాళీ చెంబు అందుకుంది. తర్వాత, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగింది.

"నేనేమన్న మందు పెడుతున్ననా నీకు?"

అలాంటి మాట వింటే ఎవరైనా ముఖం పక్కకు తిప్పుకుంటారు. ఆయనకు మెడ తిరగదు. ఆమె ఎదురుగానే ఉంది. ఆమె ముఖంలోకే చూస్తూ, "ఏమో, ఎవలకెరుక" అన్నాడు.

పెద్దబాపు నీళ్ల మీద పంచాయితీ పెట్టాడని డైరీలో ఒక్క వాక్యం రాసుకున్నాను. ఆ పేజీలో ఇంకేమీ లేదు. ఆ తర్వాత బతుకులో జబ్బుపడ్డవాళ్లను, వాళ్లకు చాకిరీ చేసేవాళ్లను చాలామందిని చూశాను. చేసేవాళ్ల కష్టం కంటికి కనిపిస్తుంది. రోజంతా చేయించుకునే మనిషికి, తిరిగి ఇవ్వడానికి ఏం మిగులుతుంది? పెద్దబాపుకు మిగిలింది ఆమె దృష్టిలో చెడ్డవాడు కావడం ఒక్కటే. ఆ పని చేశాడు.

మర్నాడు పొద్దున పెద్దమ్మ రెండు బిందెలు తీసుకుని ఊరబావికి నడిచింది. నేనూ వెంట పోయాను. ఇంటి వెనక అంత మంచి బావి పెట్టుకుని ఇంత దూరం ఎందుకొచ్చావని అక్కడి ఆడవాళ్లు అడిగారు. "మా ఆయనకు నడుముతోని బుద్ధి గూడ వంగింది" అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు. ఒకామె నా వైపు తిరిగి, నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను.

ఇంటికొచ్చి పెద్దమ్మ చెంబు ముంచుకుని, ఆయన ముందు నిలబడి, కోపంతో గటగటా తాగింది. సగం తాగి ఆయనకు చాపింది. ఆయన అందుకోలేదు. "మొత్తం తాగు" అన్నాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆమె గొంతు కదలడమే చూస్తూ ఉన్నాడు. ఇవాళ్టికీ ఎవరైనా నా ఎదుట నీళ్లు తాగుతుంటే, నాకు ఆ చూపే గుర్తొస్తుంది.