ముళ్ల నక్షత్రాల పెంపకం

పగడపు దిబ్బలను తినేసే ముళ్ల నక్షత్రచేపలను సంహరించడమే ముళ్లాయన ఉద్యోగం. నీళ్లలో మునిగి, దొరికినదాన్ని దొరికినట్టే కత్తితో రెండు ముక్కలు చేసి, అక్కడే వదిలి, దండయాత్ర ముగించిన మహారాజులా పైకి తేలేవాడు. పడవ ఎక్కేటప్పుడు మాత్రం మహారాజును ఇద్దరు లాగాల్సివచ్చేది.

చెవులు పాడైపోతున్నాయి, ఇక దిగవద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి ఆఫీసుకు వెళ్లినవాడు, సాయంత్రం ఒక పెద్ద సూది, వెనిగర్ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చి కూలబడ్డాడు.

"ఇదేం వేషం?" అంది భార్య.

"వాటిని కొయ్యకూడదటే. ముక్కలు మళ్లీ పెరిగి పూర్తి చేపలైపోతాయట. ఇకమీదట ఈ సూదితో పొడిచి వెనిగర్ ఎక్కించి చంపాలట."

ఆవిడ బట్టలు మడతపెట్టడం ఆపింది. "ఇన్నేళ్లూ కలుపు తీస్తున్నారనుకున్నాను. నారు పోశారా మహానుభావా!"

"నవ్వకే, తల దిమ్ముగా ఉంది."

"మరి మానేస్తానని చెప్పారా?"

"ఎలా చెప్పనే? అన్నీ నేను పెంచినవే. ఇంకొకడి నెత్తిన ఎలా రుద్దను?"

ఆవిడ చేతిలోని బట్ట పక్కన పెట్టింది. తర్వాత, కాస్తో కూస్తో వినబడే చెవి వైపుకు వచ్చి కూర్చుంది.

"అన్నం తిని పడుకోండి. పొద్దున్నే దిగాలిగా."