చొప్పకు తోడు

మొన్న తెల్లాపూర్‌లో మా ఎదురు ఫ్లాటమ్మాయి గిన్నె పట్టుకొచ్చి, "ఆంటీ, కొంచెం తోడుందా?" అని అడిగింది. చెంచాడు పెరుగు వేసిచ్చి తలుపు వేసుకున్నానే గాని, ఆ మాట నోట్లో చేదుగా ఉండిపోయింది. మంచి మాటే పాపం. దాన్ని పాడుచేసిన మనిషి ఒకాయన ఉన్నాడు.

తొంభైల్లో నేను కర్దనూర్‌లో మా పెద్దనాయన ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. పెద్దమ్మ రెండు బర్రెల పాలమ్మి నడిపే ఇల్లు. ముందు గదిలో కిరాయికి దిగిన సారు కోస్తా మనిషి. ఇస్త్రీ చొక్కా, కాఫీ ఫిల్టరు, పిల్లల్ని కూడా 'అండీ' అనే నోరు. ఊరి పక్కన కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో ఇంజినీరు. జొన్న చొప్పను చక్కెరగా మార్చి, దాన్ని పులియబెట్టి, మందుల కంపెనీలకు స్పిరిట్ తీస్తారట. చొప్ప చక్కెరవుతుందంటే ఊళ్లో నవ్వారు. ఫ్యాక్టరీకి అమ్మడానికి ఒక్క చొప్పమోపూ కదల్లేదు. అప్పుడాయన మా అరుగు మీద కూర్చుని, "ఏం లేదండీ, పాలకి తోడేస్తాం కదా, అదే పని. మేం చొప్పకి బూజుతో తోడేస్తాం," అన్నాడు.

పెద్దనాయన మొహం వెలిగిపోయింది. "గింతేనా సారూ? గీ మాట ముందే చెప్పొద్దా," అని, ఫ్యాక్టరీ తనదే అన్నట్టు ఊరంతా తిరిగి అదే పాఠం చెప్పాడు. ఆయన మాట మీద బండ్లు కదిలాయి. మా చొప్పే ముందు పోయింది. ఖాళీ అయిన కొట్టం మూల చూసి పెద్దమ్మ, "ఇగ బర్లకేం ఏస్తవ్, నీ తోడా?" అని దెప్పింది.

బూజు కలపకముందు చొప్పను కాస్టిక్ సోడాలో ఉడికిస్తారని, బాగా కడగకపోతే అది విషమేనని సారు చెప్పలేదు. పెరుగు కథలో దానికి చోటు లేదు మరి. ఎండాకాలంలో మిషను చెడిపోతే, ఉడికిన చొప్పను కడగకుండానే ప్రహరీ వెనక గుట్టగా పోశారు. మెత్తగా, నానబెట్టిన దాణాలా ఉంది. ఇంట్లో మేత అయిపోయింది. పెద్దనాయన రెండు గంపలు మోసుకొచ్చి, తవుడు చల్లి బర్రెల ముందు పోశాడు. "మన చొప్పనే. జెర ఉడికింది, గంతే," అన్నాడు పెద్దమ్మతో.

రెండు బర్రెలూ నోళ్లు పొక్కి, నురగ కక్కి చచ్చిపోయాయి. సారు వచ్చి కొట్టం బయటే నిలబడి, "అది పశువులకి పెట్టమని నేనెప్పుడూ చెప్పలేదండీ," అన్నాడు. నిజమే, చెప్పలేదు. ఆ నిజాన్ని నేను ఈ రోజుకీ క్షమించలేదు.

కొన్నాళ్లకే ఆయన ఫిల్టరుతో సహా పటాన్‌చెరుకు మారిపోయాడు. పెద్దనాయన అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. ఇక ఊళ్లో ఎవరికీ ఏ పాఠమూ చెప్పలేదు. పెద్దమ్మ ప్యాకెట్ పాలు కొని, పొరుగింటికి వెళ్లి "జెర పెరుగు సుక్కుందా?" అని అడిగేది. తోడు అన్న మాట మళ్లీ ఆమె నోట రాలేదు.

ఏళ్లు గడిస్తే మనసు తేటపడుతుందని అనుకున్నాను. నాది తోడుకుంది, అంతే.